వెతికిన కూలి



ఛందస్సు మీదనో, శతకాల మీదనో ఏదో ఒకటి రాసి ఉంటాడని ఈ పుట తెరిచినవారు నన్ను క్షమించాలి. ఈసారి టపా ఒక పాత అంబాసిడర్ కారు వణుకును గురించి. తెలుగు పండితుడికి గేర్‌బాక్సుతో పనేమిటని మీరు నవ్వవచ్చును. మా ఇంటావిడ మీకంటె ముందే నవ్వింది. అయితే ఆ వణుకు వెనక నా తప్పు ఒకటి ఉన్నది. ఆ తప్పు నేనొక్కణ్ణే కాదు, మనలో చాలామందిమి చేస్తున్నామని నా అనుమానం. అందుకే రాస్తున్నాను.

చెప్పదలచిన మాట ముందే చెప్పేస్తాను. మరమ్మతు చేసేవాడికి మనం సామాను మార్చినందుకు డబ్బిస్తాం గాని, లోపం ఎక్కడున్నదో వెతికినందుకు ఇవ్వము. వెతికిన కూలి ముట్టని చోట ఎవడు మాత్రం ఎందుకు వెతుకుతాడు? సామాను మారుస్తూ పోతాడు. ఆ తరువాత "ఈ మెకానిక్కులంతా దోచుకుతినేవాళ్ళు" అని తిట్టేదీ మనమే. ఇక కథలోకి వస్తాను.

మా సోమందేపల్లి బెంగుళూరు–హైదరాబాదు రహదారి మీది ఊరు. ఆ రహదారికి పాత లెక్కలో నంబరు 7, ఇప్పటి లెక్కలో 44. దారితోపాటు మా జిల్లా పేరూ మారింది. 2022 ఏప్రిల్‌లో అనంతపురం నుంచి విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లా వాళ్ళమయ్యాము. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం వెలిసి, 2019లో మొదటి సెల్టోస్ కారు బయటికి వచ్చింది. ఈనాడు మా పిల్లలకు కారంటే అది. ఇంజను ముందు, తిరిగే చక్రాలూ ముందువే. పొట్ట కింద పొడుగాటి ఇనుపగొట్టమేదీ ఉండదు.

నా కారు ఆ కాలపుది కాదు. 1984లో తయారైన అంబాసిడర్ మార్క్ 4. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు అచ్చును తెచ్చుకొని హిందుస్తాన్ మోటార్స్ వారు బెంగాలులోని ఉత్తర్‌పారాలో 1950ల చివర మొదలుపెట్టి, 2014 మే దాకా అంబాసిడర్లు తయారుచేస్తూ వచ్చారు. మా మామగారు దాన్ని వాడి వాడి, కాలం చేసేముందు "అమ్మకండి" అని ఒక్క మాట అన్నారు. ఆ మాట మా ఇంటావిడకు వేదవాక్కు. కారు ఇంట్లో ఉండటం ఆమెకు తండ్రి ఇంట్లో ఉన్నట్టే. కనుక వణుకు మొదలైనప్పుడు "పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అనే దారి మాకు లేదు.

వణుకు తీరు ఇది. యాభై దాటేవరకు ఏమీ ఉండదు. యాభై అయిదుకు సీటు కింద సన్నగా మొదలై, అరవైకి అద్దం లోపలి బొమ్మ చెదిరేంత అవుతుంది. డెబ్బై దాటితే కొంత తగ్గుతుంది. స్టీరింగు చేతిలో వణకదు, నడుము వణకుతుంది. మా ఇంటావిడకు నడుము నొప్పి పాతది. హిందూపురం పోయివచ్చిన రోజు రాత్రి ఆమె పక్కమీద సరిగా తిరగలేకపోయేది. "మా నాయన కారు నన్ను కొడుతోంది" అని ఒకనాడు అన్నది, నవ్వుతూనే. నాకు నవ్వు రాలేదు.

కారును దగ్గరి పట్టణంలో ఒక గ్యారేజీకి తీసుకుపోయాను. పేరు చెప్పను, అవసరమూ లేదు. అలాంటివి ఊరూరా ఉన్నాయి. యజమాని పట్టుమని రెండు కిలోమీటర్లు కూడా నడపలేదు. "టైర్లు సార్" అన్నాడు. టైర్లు మార్చాము. వణుకు పోలేదు. "ఇంజను ఫౌండేషన్లు" అన్నాడు. ఇంజను ముందరి రబ్బర్లు రెండూ మారాయి. వారం రోజులు తగ్గినట్టే అనిపించింది. తరువాత మళ్ళీ "క్లచ్ ప్లేటు" అన్నాడు, ఆ మీదట "షాఫ్టు క్రాసులు" అన్నాడు. అన్నీ కలిపి పదకొండు వేలు చిల్లర. వణుకు ఎక్కడిదక్కడే ఉన్నది.

కాకతాళీయ న్యాయమని ఒకటున్నది. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒక్క క్షణంలో జరిగినంత మాత్రాన, కాకే పండును రాల్చినట్టు కాదు. రబ్బర్లు మార్చిన వారం వణుకు తగ్గినట్టనిపించడం అటువంటిదే. ఆ వారమంతా మా మరదళ్ళు ఇద్దరూ ఊరినుంచి వచ్చి ఉన్నారు. మేము ఎక్కడికి పోయినా వెనక సీటు నిండుగా ఉండేది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది. ఆనాడు నేను మాత్రం గుర్తుపెట్టుకోలేదు.

మా ఊళ్ళో రహదారి పక్కన లారీలు బాగుచేసే మేస్త్రీ ఒకతను ఉన్నాడు. నా దగ్గర ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివినవాడు. తెలుగులో గట్టెక్కాడు గాని ఇంగ్లీషు దగ్గర చదువు ఆగిపోయింది. లారీల చేతికి కారు ఇవ్వడమేమిటని మొదట పోలేదు. పట్టణంలో పని కాకపోయేసరికి, పోయి చూద్దామనుకున్నాను.

అతను చేసిన పని వరుసగా చెబుతాను. ఎందుకంటే ఆనాడు అది నాకు పనిగా కనిపించలేదు.

మొదట నిలబడి ఉన్న కారులో ఇంజనును రకరకాల వేగాల్లో తిప్పి విన్నాడు. వణుకు లేదు. తరువాత నన్ను నడపమని తాను వెనక సీట్లో కూర్చుని, కింద షాఫ్టు పోయే గుబ్బ మీద అరచెయ్యి ఆనించాడు. అరవై వేగంలో నాలుగో గేరులో ఒకసారి, అదే అరవైలో మూడో గేరులో మరొకసారి పొమ్మన్నాడు. తరువాత ఖాళీగా ఉన్న దారిలో అరవైకి తెచ్చి గేరు తీసేసి దొర్లనివ్వమన్నాడు. తిరిగి వచ్చాక షెడ్డులో ఉన్న ఇద్దరు కుర్రవాళ్ళను వెనక ఎక్కించుకొని మళ్ళీ పదిమైళ్ళు తిప్పించాడు. ఆ పైన కారును స్టాండ్ల మీద ఎత్తి, కింద పడుకొని షాఫ్టును చేత్తో తిప్పుతూ సుద్దముక్క ఆనించి వంకర ఉన్నదేమో చూశాడు. ఒక తాపీ మేస్త్రీ గుండూ దారమూ తెచ్చుకొని, వడ్రంగి వాడే కోణమానినీ పట్టుకొని ఏవో కొలిచాడు. పొద్దున తొమ్మిదికి పోయినవాణ్ణి, మధ్యాహ్నం మూడయింది.

నడుమ ఒక ప్రశ్న అడిగాడు. "సార్, వణుకు రాకముందర ఎనకాల ఏమన్నా పని చేయించినారా?"

"ఏమీ లేదు" అన్నాను.

చివరికి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి అన్నాడు: "ఇంజను కత కాదు సార్ ఇది. టైర్లదీ కాదు. షాఫ్టు మంచిగానే ఉండాది. గేర్‌బాక్సు ఎనక కొస కిందికి దిగింది, దాని రబ్బరు సచ్చిపోయింది. ముందర కీలు ఒక వాలు, ఎనక కీలు ఇంకో వాలు అయినాయి. రెండూ సరి చేయాల. ఇయ్యాల రబ్బరు లేదు, తెప్పిస్తా."

"ఈరోజు ఏమీ మార్చలేదు కదా?" అన్నాను.

"లేదు సార్. చూసినా. ఆరునూర్లు ఇయ్యండి."

నేను రెండు వందల నోటు ఇచ్చాను. "ఏమీ మార్చకుండానే ఆరు వందలా? మిగిలింది పని అయ్యాక చూద్దాం" అన్నాను. అతను నోటు వంక ఒకసారి చూసి, జేబులో పెట్టుకొని "సరే సార్" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. నేను కూడా మళ్ళీ పోలేదు. ఏమీ మార్చకుండా డబ్బడిగినవాడు ఏదో చెప్పి పంపించాడనే అనుమానం నాకు. అతను చెప్పిన వాలు సంగతి నాకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని అబద్ధమనుకోవడం పండితులకు తొందరగా అబ్బే గుణం.

ఆ పైన మరో పట్టణంలో మరో గ్యారేజీ. "షాఫ్టే మార్చాలి" అన్నారు. ఆరున్నర వేలు పెట్టి మార్చాము. తిరిగి వస్తున్నప్పుడు సరిగ్గా యాభై అయిదు దగ్గర సీటు కింద సన్నగా మొదలైంది. మా ఇంటావిడ ఏమీ అనకుండా కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నది.

నాలుగు నెలలు గడిచాయి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఉన్న మా మేనల్లుడు ఫోను చేశాడు. వాడికి పాత కార్ల పిచ్చి. 1960ల నాటి పాంటియాక్ ఒకటి కొన్నాడు. అక్కడ ఆ తరహా బండ్లను మజిల్ కార్లంటారు, అంటే కండలు తిరిగిన కార్లని అర్థం. మామూలు సైజు కారులో పెద్ద ఇంజను పెట్టి అమ్మేవారు. 1964లో పాంటియాక్ జీటీఓతో ఆ ఒరవడి ఊపందుకున్నదని చెబుతారు. దాని ఇంజను 389 ఘనపుటంగుళాలది, అంటే మన అంబాసిడర్ 1489 సీసీ ఇంజనుకు నాలుగు రెట్లకు పైమాటే. ఆ కంపెనీ కూడా 2010లో మూతపడింది. మా కారు ఎద్దుబండి అయితే వాడిది మదపుటేనుగు. అయినా రెంటి ఎముకల కూర్పు ఒకటే: ముందు ఇంజను, దాని వెనక గేర్‌బాక్సు, పొట్ట కింద పొడుగాటి షాఫ్టు, వెనక ఇరుసు.

"మామా, నా బండి వణుకు ఎట్టకేలకు దొరికింది" అన్నాడు వాడు. రెండుసార్లు షాఫ్టును బ్యాలన్సు చేయించాడట, టైర్లు మార్చాడట. చివరికి ఒక ముసలి మెకానిక్కు రెండు గంటలు వెతికి, పాత యజమాని బండి అందం కోసం వెనక పొట్టి స్ప్రింగులు వేయించడం వల్ల రెండు కీళ్ళ కోణాలూ తేడా వచ్చాయని తేల్చాడట.

"ఏం మార్చాడు?" అన్నాను.

"ఆ రోజు ఏమీ మార్చలేదు మామా. రెండు గంటలు వెతికినందుకు బిల్లు వేశాడు. ఇక్కడ వెతకడానికే గంటకింత అని వేరే లెక్క ఉంటుంది. ఈ బండి మీద నేను పెట్టిన డబ్బులో దండగ కానిది అదొక్కటే."

నేను కొంతసేపు మాట్లాడలేదు. రెండు వందల నోటు కళ్ళముందు కనబడింది.

ఆ రాత్రి వాడు ఓపికగా చెప్పింది, నాకు అర్థమైనంతలో మీకు చెబుతాను. షాఫ్టుకు రెండు కొసలా క్రాసుతో కూడిన కీళ్ళుంటాయి. పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ పేరు మీద వాటిని హుక్ కీళ్ళని కూడా అంటారు. గుంతలో పడి ఇరుసు ఎగిరినా తిరుగుడు ఆగకుండా వంగే సదుపాయం అది. అయితే దానికొక అవలక్షణమున్నది. కీలు వంగి తిరిగేటప్పుడు ఇటువైపు నిలకడగా తిరిగినా అటువైపు నిలకడగా తిరగదు. ఒక్క చుట్టులో రెండుసార్లు ముందుకు ఉరుకుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. రెండో కొసన ఉన్న కీలు సరిగ్గా అంతే కోణంలో వంగి ఉంటే ఈ తప్పును దిద్దుతుంది. మొదటి కీలు పెట్టిన మెలికను రెండోది విప్పుతుందన్నమాట. కోణాలు వేరైతే మెలిక కొంత మిగిలిపోతుంది. ఆ మిగిలిందే వణుకు. ఏ సామానూ చెడిపోలేదు. సామానుకూ సామానుకూ మధ్య పొత్తు చెడింది. అలాంటప్పుడు ఏ సామాను మార్చి ఏం లాభం?

మరి ఇది టైరు వణుకు కాదని, ఇంజను వణుకు కాదని తెలిసేదెట్లా? లెక్కపెట్టడం వల్ల. ఇక్కడ నాలో ఛందస్సు మాస్టారు మేలుకున్నాడు. పద్యం కుంటుతున్నదంటే పాదాలు ఊరికే మార్చుకుంటూ పోము కదా, గణాలు లెక్కపెడతాము. మర్నాడు పొద్దున టైరు మీద సుద్దగీత పెట్టి, వాకిట్లో ఒక చుట్టు దొర్లించి టేపుతో కొలిచాను. రెండు మీటర్ల ఏడు సెంటీమీటర్లు వచ్చింది. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. అంటే చక్రం సెకనుకు 8 చుట్లు తిరుగుతుంది. వెనక చక్రాలు రెండూ ఎత్తించి, కలిపి ఒక చుట్టు తిప్పి చూస్తే షాఫ్టు నాలుగున్నర చుట్లు తిరిగింది. అంటే షాఫ్టు సెకనుకు 36 చుట్లు. కీలు చేసే అల్లరి చుట్టుకు రెండుసార్లు గనుక 72.

ఇప్పుడు టైరు దోషమైతే సెకనుకు 8 ఊపులు రావాలి. షాఫ్టు బరువు ఒకవైపు ఎక్కువైతే 36 రావాలి. కీళ్ళ కోణాల దోషమైతే 72 రావాలి. మా వాడు చెప్పిన పరికరమొకటి ఫోనులో దించుకొని, ఫోనును సీటు మీద ఉంచి అరవైలో పోయాను. 70 దాటిన చోట ఒక గీత తాటిచెట్టులా లేచి నిలబడింది. తక్కినచోట్ల గడ్డి.

ఒక చిక్కున్నది. నాలుగో గేరులో ఇంజనూ షాఫ్టూ సమానంగా తిరుగుతాయి. కనుక 72 ఇంజనుది కూడా కావచ్చు. దాన్ని విడగొట్టేదెట్లా? అదే వేగంలో గేరు మార్చడం వల్ల. మూడో గేరులో ఇంజను మరింత వేగంగా తిరుగుతుంది, షాఫ్టు మాత్రం అంతే తిరుగుతుంది. వణుకు మారకపోతే ఇంజను నిర్దోషి. గేరు తీసేసి దొర్లించినా వణుకు ఉన్నదంటే మరీ నిర్దోషి. అర్థమైందా మిత్రులారా, ఆనాడు నా పాత శిష్యుడు నాచేత చేయించింది అక్షరాలా ఇదే. ఫోను లేకుండా, అరచేత్తో తేల్చాడు.

దీనికి మన తర్కంలో పేరున్నది: అన్వయ వ్యతిరేకాలు. ఇది ఉన్నచోట అది ఉండటం అన్వయం, ఇది లేనిచోట అది లేకపోవడం వ్యతిరేకం. రెండూ కుదిరితేనే కారణమని ఒప్పుకోవాలి. పరీక్షకు ముందు రాత్రి బట్టీపట్టి, ముప్పై మూడేళ్ళు అవసరం వచ్చినప్పుడల్లా పిల్లలకు వల్లించినవాణ్ణి. మా మరదళ్ళు వెనక సీట్లో ఉన్న వారం వణుకు లేదు. బరువుకు బండి వెనక భాగం దిగి, కీళ్ళ కోణాలు కొంత దగ్గరపడ్డాయి. వ్యతిరేకం నా కారులోనే కూర్చుని కబుర్లు చెబుతున్నా నేను గుర్తుపట్టలేదు. మేస్త్రీ ఇద్దరు కుర్రవాళ్ళను ఎక్కించుకున్నది దాన్ని పట్టుకోవడానికే.

ఈ విద్య మా ప్రాంతానికి కొత్తది కాదు. ధర్మవరంలోనూ మా ఊళ్ళోనూ జకార్డు మగ్గం నేసేవాళ్ళను అడగండి. చీరలో తప్పు కనబడితే మగ్గమంతా విప్పరు. బుటా బుటాకూ అదే చోట తప్పు వస్తుంటే అట్టల దండలో ఏదో ఒక అట్ట దోషం. పొడుగునా గీతలాగా పోతుంటే పడుగు పోగుదో దాన్ని లేపే కొక్కేనిదో దోషం. తప్పు ఎంత దూరానికొకసారి తిరిగి వస్తున్నదో చూస్తే అది పుట్టిన చోటు తెలుస్తుంది. మగ్గం దగ్గర ఇది అందరికీ తెలిసిన సంగతి. గ్యారేజీ దగ్గరికి వచ్చేసరికి మనమే దీన్ని మరచిపోతాం.

మేస్త్రీ దగ్గరికి మళ్ళీ పోయాను. ఏం చెప్పాలో దారిపొడుగునా అనుకుంటూ పోయినవాణ్ణి, అక్కడికి పోయాక "నువ్వు చెప్పిందే నిజమయ్యా" అన్నాను. అతను కారు కిందికి దూరుతూ మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు: "ఎనకాల ఏమన్నా పని చేయించినారా సార్?" ఈసారి ఆలోచించి చెప్పాను. వణుకుకు ఏడాది ముందు వెనక స్ప్రింగు పట్టీలు మెత్తబడితే ఒకచోట బాగుచేయించాను. అప్పుడు యాక్సిల్‌కూ పట్టీలకూ నడుమ వాలుగా ఉన్న ఇనుప ముక్కలు పెట్టారు. మేస్త్రీ చూసి, ఆ ముక్కలు తలకిందులుగా ఉన్నాయని చెప్పాడు. లావు కొస ముందుకు రావలసింది వెనక్కి పోయింది. దాంతో వెనక కీలు కోణం కొంత చెడింది. ఆ తరువాత గేర్‌బాక్సు రబ్బరు కుంగి ముందు కీలూ చెడింది. ఏ ఒక్కటైనా అయితే కారు ఓర్చుకునేదేమో, రెండూ కలిశాయి.

రబ్బరు 450 రూపాయలు. ముక్కలు తిప్పి పెట్టి, మళ్ళీ గుండు దారంతో కొలిచి, తేడా ఒక డిగ్రీ లోపలికి తెచ్చినందుకు కూలి 600. అరవైలో వణుకు పోయింది. ఎనభైలో కొంత గొణుగుతుంది, అది అంబాసిడర్ పుట్టుకతో వచ్చిన గొణుగుడు. హిందూపురం పోయివచ్చిన రాత్రి మా ఇంటావిడ పక్కమీద మామూలుగానే పడుకున్నది.

పాత బాకీ 400 కూడా లెక్కపెట్టి అతని చేతిలో పెట్టాను. "వద్దు సార్" అంటాడనుకున్నాను, మనసులో ఒక మూల అలా అంటే బాగుండుననే ఆశ కూడా ఉన్నదేమో. అతను అనలేదు. నోట్లు మళ్ళీ ఒకసారి ఎంచుకొని "ఇప్పుడు సరిపాయ సార్" అని జేబులో పెట్టుకున్నాడు. అదే న్యాయం. అది నా దయ కాదు, అతని కూలి.

నన్ను ఎక్కువగా కుట్టిన విషయం ఇది. నేను ముప్పై మూడేళ్ళు జీతం తీసుకున్నది దేనికి? పిల్లల పుస్తకాల్లో ఎర్రసిరాతో తప్పు ఎక్కడున్నదో చూపినందుకు. ఒక్క అక్షరమైనా నేను మార్చి రాయలేదు, రాయకూడదు కూడా; తప్పు చూపడమే నా పని. తప్పు చూపి బతికినవాణ్ణి, తప్పు చూపినవాడికి కూలి ఎగ్గొట్టాను.

నా మాటకు అభ్యంతరాలు చెబుతారని తెలుసు. మొదటిది: వెతికి దొరక్కపోతే డబ్బు ఎందుకివ్వాలి? వైద్యుడు నాడి చూసినందుకు ఇస్తున్నాము కదా, మందు పనిచేయకపోతే వెనక్కి అడగడం లేదు. "ఇంజను కాదు, టైరు కాదు" అని తేల్చడం కూడా ఫలితమే. ఆ మాట నేను విని ఉంటే ఆరున్నర వేల షాఫ్టు మిగిలేది.

రెండోది: వెతికినట్టు నటిస్తే? ఇది నిజమైన భయం. దీనికి మాస్టార్ల దగ్గర పాత ఉపాయమున్నది. లెక్క తానే చేసినవాణ్ణీ, పక్కవాడి పుస్తకంలో చూసి రాసినవాణ్ణీ వేరు చేయాలంటే మెట్లు అడగాలి. "ఏమేమి చూశావు? ఏది మారితే వణుకు మారింది?" అని అడగండి. వెతికినవాడు చెప్పగలడు. వెతకనివాడు సామాను పేరు మాత్రమే చెబుతాడు.

మూడోది: చిన్న సామాను అయితే వెతకడం కంటె మార్చి చూడటమే చౌక కదా? ఒప్పుకుంటాను. వంద రూపాయల ప్లగ్గు కోసం పూటంతా పరిశోధన అక్కరలేదు. అయితే ఒకసారికి ఒకటే మార్చాలి, తీసిన పాత సామాను మన చేతికి రావాలి. రెండు కలిపి మార్చి బాగైతే ఏది కారణమో ఎప్పటికీ తెలియదు.

నాలుగోది: కొత్త కార్లకు కంప్యూటరే చెబుతుంది కదా? అది చెప్పేది నొప్పి తెలిసిన చోటు. రోగం అక్కడే ఉండాలని లేదు. మోకాలు నొప్పికి నడుములో కారణముంటుందని మా ఇంటావిడ వైద్యుడే చెప్పాడు.

ఇక మన బాధ్యత ఒకటున్నది. ఎంత వేగంలో, ఏ గేరులో, ఎంతమంది ఎక్కినప్పుడు, ఎప్పటినుంచి, అంతకుముందు ఏ పని చేయించిన తరువాత అనే సంగతులు బండి యజమాని తప్ప ఎవరూ చెప్పలేరు. ఆనాడు "ఏమీ లేదు" అని నేనన్న ఒక్క మాట మేస్త్రీ దారిని సగం మూసేసింది. అయినా మిగిలిన సగం దారిలో అతను సరైన చోటికే చేరాడు.

ఇకనుంచి నేనొక నియమం పెట్టుకున్నాను. కారు గాని, మోటారు గాని, ఫ్యాను గాని బాగుకు ఇచ్చేముందు "వెతకడానికి ఎంత?" అని అడుగుతాను. మొన్న ఇంటి మోటారు బాగుచేయడానికి వచ్చిన కుర్రవాణ్ణి అలా అడిగితే, వింతగా చూసి, "అట్లా ఎవురూ అడగలేదు సార్" అన్నాడు. తరువాత కూర్చుని, గంటసేపు వెతికాడు.

మీ ఊళ్ళలో ఈ లెక్క ఎలా నడుస్తున్నదో రాయండి. వెతికినందుకు మీరెప్పుడైనా కూలి ఇచ్చారా?

స్వస్తి.